అన్నీ నమ్మే పిల్లల్ని ఏదీ నమ్మని పిల్లలుగా మార్చేశాను, ఇప్పుడేం చేయాలి?

చాక్‌పీసు_పొడి
పదిహేను, పదహారేళ్ల పిల్లలకు చెబుతాను. కథలూ కవితలూ కాదు, వ్యాసాలు, పత్రికల్లో వచ్చే సైన్సు కథనాలు, చరిత్ర పాఠాలు, ఇలాంటివి చదివించడం నా పని. ఏడాది మొదట్లో ఏది ఇచ్చినా "రచయిత చాలా చక్కగా వివరించారు" అని రాసేవాళ్లు. ఒకసారి కావాలనే ఒకదాన్నొకటి పూర్తిగా ఖండించే రెండు వ్యాసాలు ఇచ్చాను. రెండింటికీ అదే వాక్యం, ఇద్దరూ చాలా చక్కగా వివరించారు. ఇలా లాభం లేదని రెండు నెలలు కూర్చోబెట్టి, రాసిందెవరు, ఎందుకు రాశారు, వాళ్లకేం లాభం అని అడగడం నేర్పాను. నేర్చుకున్నారు. ఎంతలా అంటే ఇప్పుడు ఏది చేతికిచ్చినా ఒకటే మాట, "ఇది బయాస్ సార్", అంటే పక్షపాతంతో రాసిందని. గుండె జబ్బుల గురించి డాక్టర్ రాస్తే డాక్టర్ కాబట్టి బయాస్, డాక్టర్ కానివాళ్లు రాస్తే వాళ్లకేం తెలుసు. మొదటి పేరా కూడా దాటకుండా తీర్పు చెప్పేస్తున్నారు. పాత రోగమే నయమనిపిస్తోంది. ఎవరికైనా ఇలా జరిగిందా? ఎలా బయటపడ్డారు?

బెంచీ_చివర
మీ పోస్టు కూడా బయాసే సార్. మీరు టీచర్ కదా.

చాక్‌పీసు_పొడి
మా క్లాసులో ఉన్నావా బాబూ నువ్వు?

లైబ్రరీ_మూల
చెక్‌లిస్టుతో మొదలుపెడితే చాలామందికి ఇదే జరుగుతుంది. 2004లో కాలిఫోర్నియాలోని ఒక యూనివర్సిటీ లైబ్రరీలో తయారైన చెక్‌లిస్టు ఒకటి ఇప్పటికీ అన్నిచోట్లా తిరుగుతోంది. కొత్త సమాచారమేనా, మన పనికి సంబంధించిందేనా, ఎవరు రాశారు, వివరాలు సరైనవేనా, ఎందుకు రాశారు, ఇవీ ప్రశ్నలు. ప్రశ్నల్లో తప్పు లేదు. కానీ పిల్లలు ఆ పేజీలోనే కూర్చుని, ఆ పేజీనే అడిగి జవాబులు రాసుకుంటారు. దొంగని పట్టుకుని నువ్వు మంచివాడివేనా అని అడిగినట్టు.

స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అని ఇద్దరు 2017లో ఒక పరిశోధన బయటపెట్టారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజమెంతో తేల్చేవాళ్లు), 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. అందరికీ తెలియని వెబ్‌సైట్లు ఇచ్చి, ఇవి నమ్మదగినవా చెప్పండి అన్నారు. అందులో పిల్లల డాక్టర్ల సంఘాలు రెండున్నాయి, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి పాతది, చాలా పెద్దది, రెండోది 2002లో విడిపోయిన చిన్న బృందం. చరిత్రకారులూ విద్యార్థులూ చాలామంది పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివి లోగో చూసి, భాష చూసి తికమకపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం కాసేపటికే ఆ పేజీ వదిలేసి కొత్త ట్యాబులు తెరిచి, వీళ్ల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ చదివి ఎక్కువ తెలుసుకున్నారు. మీ పిల్లల్నీ పేజీ బయటికి పంపండి.

ఎర్రసిరా
మన్నించాలి, నాకు ఇదంతా పునాది లేకుండా మేడ కట్టినట్టుంది. మా దగ్గర సమస్య నమ్మడమూ కాదు, నమ్మకపోవడమూ కాదు. వాక్యం అర్థం కావడం లేదు. "అయినప్పటికీ" అని వస్తే ముందు చెప్పినదానికి ఎదురు మాట వస్తోందని తెలియదు. అర్థం కానిచోట బయాస్ అనేస్తే సరిపోతుంది, పైగా తెలివైనవాడిలా కనిపిస్తాడు.

ఇంకోటి, విషయం తెలియకపోతే ఏ చిట్కా పనిచేయదు. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించి ఒక పేరా ఇచ్చి చదవమన్నారు, తర్వాత బొమ్మలతో ఆ ఆటను చూపించమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివే ఆట తెలియని పిల్లల్ని దాటిపోయారు. అందుకే నేనంటాను, ముందు ఒకే విషయం మీద నెల రోజులు చదివించండి, ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

లైబ్రరీ_మూల
@ఎర్రసిరా మీరన్నది నిజమే కానీ అన్ని విషయాలూ తెలిశాక చదువుదాం అంటే ముసలితనం వచ్చేస్తుంది. తెలియనిది చదవాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే నా బాధ.

గణితం_గోల
నా వాటా. అంకెలున్న వ్యాసమైతే పిల్లలు రెండు రకాలు, అంకె కనబడగానే దణ్ణం పెట్టేవాళ్లు, అంకె కనబడగానే దూకి అవతలి పేరాకి వెళ్లేవాళ్లు. నేను ఒక్క మాట మీద రెండు పీరియడ్లు గడుపుతాను, "రెట్టింపు".

1995 అక్టోబర్‌లో బ్రిటన్‌లో కొన్ని కొత్తతరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని ప్రభుత్వ కమిటీ హెచ్చరించింది. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. చాలామంది భయపడి మాత్రలు మానేశారు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో కోరని గర్భాలు పెరిగి అదనంగా సుమారు 13,000 అబార్షన్లు జరిగాయని అంచనా. ఇంతకీ ఆ రెట్టింపు ఏమిటి? 7,000 మందిలో ఒకరికి ఉన్నది ఇద్దరికి అయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మీ పిల్లల "బయాస్" ముద్ర ఇక్కడ ఎందుకూ పనికిరాదు, ఇక్కడ అడగాల్సింది "దేనికి రెట్టింపు?" అన్న రెండు మాటలే.

బెంచీ_చివర
మా అమ్మ నా మార్కులు రెట్టింపయ్యాయని అందరికీ చెప్పింది. 4 నుంచి 8. వందకి.

పాతచొక్కా
@గణితం_గోల మంచి ఉదాహరణ. నేను చరిత్ర చెబుతాను గానీ మొదటి రోజు పాలకూర కథతో మొదలుపెడతాను. ఎప్పుడో 19వ శతాబ్దంలో ఒక జర్మన్ శాస్త్రవేత్త పాలకూరలో ఇనుమెంతో కొలిచి, రాసేటప్పుడు దశాంశ బిందువు ఒక స్థానం జరిపేశాడు. 3.5 మిల్లీగ్రాములు కాస్తా 35 అయింది. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ కొలవకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు, దశాబ్దాల పాటు ప్రపంచమంతా పాలకూరలో ఇనుమే ఇనుము అనుకుంది. ఒక్క చుక్క! పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఎర్రసిరా
ఇది బాగుంది, రేపే చెబుతా.

లైబ్రరీ_మూల
అయ్యో, రేపు చెప్పకండి, ఆగండి.

పాతచొక్కా గారూ, ఆ దశాంశ బిందువు కథకే ఆధారం దొరకలేదు. 1981లో హ్యాంబ్లిన్ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సరదాగా రాసిన ఒక వ్యాసంలో ఈ కథ చెప్పారు, ఎక్కడి నుంచి తెలిసిందో రాయలేదు. అక్కడి నుంచి అందరూ ఎత్తుకున్నారు. మైక్ సట్టన్ అనే ఆయన 2010లో వెనక్కి వెనక్కి వెతికితే దశాంశం తప్పు జరిగినట్టు ఆధారమే కనబడలేదు. 2014లో రెక్‌డాల్ అనే నార్వే పరిశోధకుడు దీని మీదే ఒక వ్యాసం రాశారు, చూడకుండా ఎత్తి రాయడం ఎంత తప్పో చెప్పడానికి వాడిన కథనే అందరూ చూడకుండా ఎత్తి రాశారని.

పాతచొక్కా
పదేళ్లు. పదేళ్లుగా చెబుతున్నాను ఈ కథ. ఏటా రెండు సెక్షన్లు.

బెంచీ_చివర
చుక్క జరిగింది సార్, శాస్త్రవేత్తకి కాదు, మీకు.

గణితం_గోల
@లైబ్రరీ_మూల మీరు సట్టన్ రాసింది చదివారా, లేక చదివినవాళ్లు చెబితే విన్నారా? గొడవ కోసం కాదు, ఈ చర్చలో అడగక తప్పని ప్రశ్న కదా.

లైబ్రరీ_మూల
న్యాయమైన ప్రశ్నే. రెక్‌డాల్ వ్యాసం మొత్తం చదివాను. సట్టన్‌ది అందులోంచే తెలుసు, సొంతంగా తెరవలేదు. హ్యాంబ్లిన్‌ది చూడనేలేదు. ఇలా రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

వ్యాకరణం_అత్త
సిగ్గెందుకమ్మా, ఇందాక అందరికీ కావాల్సిన పని చేశావు. దీనికి మన భాషలో ఒక్క అక్షరం ఉంది, పక్కన పెట్టేశాం గానీ. "ట".

"వచ్చాడు" అంటే నేను చూశాను. "వచ్చాడట" అంటే ఎవరో చెబితే విన్నాను. మూడేళ్ల పిల్లకి కూడా తేడా తెలుసు. ఆ పిల్లే పదహారేళ్లకు వ్యాసం చదివేటప్పుడు మర్చిపోతుంది, ఎందుకంటే అచ్చులో "ట" ఉండదు, దాని బదులు "తేలింది", "వెల్లడైంది", "నిపుణులు స్పష్టం చేశారు" అని పట్టుచీరలు కట్టుకుని వస్తాయి. నేను క్లాసులో చేసేది ఇది. ఒక పేరా నేనే కల్పించి బోర్డు మీద రాస్తాను:

"రాత్రిపూట ఫోన్ చూసే విద్యార్థులకు మార్కులు తగ్గుతున్నాయని పరిశోధనలో తేలింది. నిద్ర చాలకపోతే జ్ఞాపకశక్తి దెబ్బతింటుందన్నది అందరికీ తెలిసిందే. కాబట్టి విద్యార్థుల ఫోన్లను పెద్దలు అదుపులో పెట్టక తప్పదు."

ఇప్పుడు ప్రతి వాక్యాన్నీ "ట" పెట్టి పైకి చదవమంటాను. "మార్కులు తగ్గుతున్నాయట." ఎవరట? ఆ పరిశోధన ఎవరిదో, ఎంతమంది మీదో పేరాలో లేదు. "దెబ్బతింటుందట." ఎవరట? అందరూనట. అక్కడ పిల్లలు నవ్వుతారు. మూడోది, "అదుపులో పెట్టక తప్పదట", అనగానే నాలుక ఆగిపోతుంది, ఎందుకంటే అది విన్న మాట కాదు, రాసినవాడి సొంత మాట. అంటే రెండు వినికిడి మాటల వెనక తన అభిప్రాయాన్ని నిలబెట్టి "కాబట్టి" అని ముడేశాడు. ఆ ముడి గట్టిదేనా అని అప్పుడు అడుగుతాను. కిందటేడు ఒక పిల్లాడు లేచి, మార్కులు తగ్గినవాడే ఆ దిగులుతో రాత్రంతా ఫోన్ చూస్తున్నాడేమో కదా మేడమ్ అన్నాడు. సొంత అనుభవమేమో, అడగలేదు.

ఎర్రసిరా
ఇది నాకు నచ్చింది. వ్యాకరణమూ అయింది, చదవడమూ అయింది.

నిద్రలేని_బయాలజీ
బాగుంది కానీ చాక్‌పీసు గారి రోగానికి ఇది మందేనా? ఇప్పుడు "బయాస్" పోయి "ట" వస్తుంది. భూమి గుండ్రంగా ఉందట. గుండె రక్తాన్ని పంపుతుందట. నేను చూడలేదు కదా.

వ్యాకరణం_అత్త
"ట" పెట్టడం సగం పని. మిగతా సగం, ఆ "ట" తీసేయాలంటే నీకు ఏం కావాలి అని అడగడం.

నిద్రలేని_బయాలజీ
ఆ ప్రశ్న నేనూ అడుగుతానని ఇప్పుడే తెలిసింది, పేరు లేదంతే. నాలుక పటం గుర్తుందా, చివర తీపి, వెనక చేదు, పక్కల్లో పులుపూ ఉప్పూ? మేం చదివిన పుస్తకాల్లో ఉండేది. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాలుక మీద ఒక్కోచోట రుచి తెలిసే తీరులో చిన్నచిన్న తేడాలున్నాయని రాశాడు. ఆ కొంచెం తేడా పటాల్లోకి ఎక్కేసరికి, ఇక్కడ ఇదొక్కటే తెలుస్తుంది అని సరిహద్దులు గీసినట్టయింది. నేను ఆ పటం ఇచ్చి, పక్కన చక్కెర నీళ్లు, ఉప్పు నీళ్లు, దూది పుల్లలు పెడతాను. నాలుక చివర ఉప్పు పెట్టుకుని తెలిసిందా లేదా చెప్పమంటాను. తెలుస్తుంది కదా మరి. ఆ రోజు పిల్లల మొహాలు చూడాలి, పుస్తకం మీద కోపం, తమ నాలుక మీద గర్వం.

బెంచీ_చివర
యురేనియం పాఠం వచ్చినప్పుడు ఈ పద్ధతి వద్దు మేడమ్.

నిద్రలేని_బయాలజీ
అదే కదా చిక్కు. అన్నీ నాలుక మీద పెట్టుకుని చూడలేం. మిగతావాటికి లైబ్రరీ మూల గారు చెప్పిన ట్యాబులే దారి.

పాతచొక్కా
పాలకూర అవమానం నుంచి కోలుకున్నాను. పాఠ్యపుస్తకం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను, ఇది మాత్రం నేను చదివిందే. పైన వచ్చిన వైన్‌బర్గ్‌దే, 1991లో. 8 మంది చరిత్రకారులు, 8 మంది హైస్కూల్ విద్యార్థులు, 1775లో జరిగిన ఒక యుద్ధం మీద కొన్ని పత్రాలు ఇచ్చి ఏది ఎంత నమ్మదగిందో వరసలో పెట్టమన్నారు. పిల్లలు అన్నిటికన్నా పైన పెట్టింది పాఠ్యపుస్తకం పేరాని. చరిత్రకారులు దాన్ని అడుగుకి తోసేశారు. కారణం నా క్లాసులో రోజూ కనిపిస్తుంది. ఉత్తరం రాసినవాడు మనిషి, వాడికి కోపముంటుంది, భయముంటుంది, పిల్లలకి అది తెలుస్తుంది. పాఠం రాసినవాడు కనబడడు. మనిషి కనబడకపోతే అది నిజమనుకుంటారు.

@చాక్‌పీసు_పొడి గారూ, మీ పిల్లలు బయాస్ అంటున్నారంటే కనీసం ఎవరో మనిషి రాశాడని కనిపెట్టారు. అంత దిగులు పడకండి. మనిషి కాబట్టి చెల్లదు అనుకుంటున్నారు, అక్కడే దారి తప్పారు. ఓడిపోయినవాడు రాసిన ఉత్తరం ఏకపక్షమే, అయినా ఆ రోజు వాన పడిందా లేదా అన్నదానికి అంతకన్నా మంచి సాక్షి దొరకడు.

నిన్నటి_విద్యార్థి
మాలాంటివాళ్లు ఏమనుకుంటారో కూడా రాయొచ్చా? పరీక్షలో ఒక వ్యాసం ఇచ్చి, కింద బార్ గ్రాఫ్ ఇచ్చి, "గ్రాఫ్ ఆధారంగా రచయిత వాదనను వివరించండి" అన్నారు. నిలువు గీత సున్నా నుంచి కాదు, 90 నుంచి మొదలైంది. 92, 96 ఉన్న రెండు కడ్డీల్లో రెండోది మూడింతలు పొడవుగా కనిపిస్తోంది, కానీ తేడా నాలుగే. అదే రాశాను. పక్కన ఎర్ర పెన్నుతో "అడిగింది రాయి" అని, ఐదుకి ఒకటిన్నర. ఆ తర్వాత ఎప్పుడూ రాయలేదు. రచయిత చాలా చక్కగా వివరించారు అనే రాశాను. దానికి మూడున్నర గ్యారంటీ.

చాక్‌పీసు_పొడి
ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

ఎర్రసిరా
నా పేరే ఎర్రసిరా కాబట్టి నేనే ఒప్పుకుంటాను. ఒక రాత్రిలో 40 పేపర్లు, పక్కన నాలుగు పాయింట్ల కీ. కీలో లేనిది కనబడితే చెయ్యి దానంతటదే గీసేస్తుంది. పిల్లలకేం కావాలో పిల్లలు మార్కుల్లోంచి నేర్చుకుంటారు, మన ఉపన్యాసాల్లోంచి కాదు. ఈసారి నా పేపర్లో ఒక ప్రశ్న చేరుస్తాను, "ఇందులో మీరు నమ్మిన ఒక మాట రాసి, ఎందుకు నమ్మారో చెప్పండి". నమ్మినది అడుగుతున్నా, నమ్మనిది కాదు. బయాస్ అని తప్పించుకోవడానికి వీల్లేదు.

వ్యాకరణం_అత్త
@ఎర్రసిరా బంగారం లాంటి ప్రశ్న. ఇంకోటి, పిల్లలకి "విమర్శ" అన్న మాటే వాడకండి. వార్తల్లో విమర్శలు ఎప్పుడూ గుప్పిస్తారు, విరుచుకుపడతారు. ఆ మాట వినగానే ఎవర్నో తిట్టాలి కాబోలనుకుంటున్నారు పాపం. మా క్లాసులో "నిదానించి చదవడం" అంటాను.

గణితం_గోల
అయితే నా పాత బాస్ కూడా నన్ను నిదానించి చదివేవాడన్నమాట.

చాక్‌పీసు_పొడి
వారం తర్వాత వచ్చాను. గుండె జబ్బుల వ్యాసమే మళ్లీ ఇచ్చాను, ఈసారి అత్త గారి "ట"తో. మొదటి రోజు గోల గోల, ఒకడు హాజరు పిలిస్తే "వచ్చానట సార్" అన్నాడు. రెండో రోజు నుంచి కుదురుకున్నారు. ప్రతి "ట" పక్కన ఎవరట అని రాయమన్నాను, చివర ఎర్రసిరా గారి నమ్మిన మాట ప్రశ్న పెట్టాను. అన్నీ బాగా రాలేదు. సగం మంది ఎవరట అన్నచోట "శాస్త్రవేత్తలు" అని రాసి ఊరుకున్నారు. నలుగురు నమ్మిన మాట దగ్గర "డాక్టర్ కాబట్టి నమ్మాను" అని మళ్లీ మొదటికొచ్చారు.

కానీ అందరికన్నా ఎక్కువసార్లు బయాస్ అన్నవాడు ఒకడున్నాడు. వాడి కాగితంలో మొదటి వాక్యం కింద ఎవరట అని రాసి, కొట్టేసి, దాని కింద ఇలా ఉంది: "ఎవరో నాలుగో పేరాలో ఉంది. పోయినసారి అక్కడిదాకా చదవలేదు."

ఎర్రసిరా
దానికి ఎన్ని వేశారు?

చాక్‌పీసు_పొడి
ఐదుకి ఐదు. కాకపోతే అదే కాగితం పైన, నేను అచ్చేసిన "ప్రతి ప్రశ్నకూ 5 మార్కులు" అన్న చోట పెన్నుతో "ట" చేర్చి ఉంది. పక్కన "ఎవరట?" అని కూడా. నా పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చాను.